ద్రాక్షతీగకి గుండు

ఆదివారం ఆరాధన అయిపోయింది. జనం సంచులూ గొడుగులూ సర్దుకుంటున్నారు. అందరూ రేడియో అని పిలిచే మనిషి మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడి పాస్టరుగారిని ఆపేశాడు.

“అయ్యగారూ, ఒక్క సందేహం. ఇందాక ప్రసంగంలో, ద్రాక్షతీగలో కాయని కొమ్మని తోటమాలి కోసి పారేస్తాడన్నారు. సరే, అర్థమైంది. కాసే కొమ్మని కూడా కోస్తాడట కదా! అదేం న్యాయమండీ? ఒళ్ళొంచి పనిచేసేవాడికే దెబ్బలా?”

పాస్టరుగారు కుర్రాయన. పుట్టిందీ పెరిగిందీ పై అంతస్తులో. మొక్కంటే ఆయనకి తెలిసింది కిటికీలో పెట్టుకునే కుండీ ఒక్కటే.

“ఇంకా ఎక్కువ కాయడానికన్నా,” అన్నారు.

“కోస్తే ఎలా కాస్తుందండీ?”

“అదీ... దేవుడి జ్ఞానం.”

ఆ జవాబు జేబులో వేసుకుని బుద్ధిగా ఇంటికి పోయే మనిషైతే అతనికి రేడియో అన్న పేరే వచ్చేది కాదు.

అతనికి సందు మొదట్లో సెలూన్ ఉంది. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, జనం కూర్చోడానికి ఒక బల్ల. మెడకి గుడ్డ కట్టించుకుని కూర్చున్నవాడు లేచి పారిపోలేడు కదా, ఇతను అడిగినవన్నీ చెప్పేవాడు. పొద్దున ఒకరి జుట్టు దగ్గర విన్నది మధ్యాహ్నం ఇంకొకరి గడ్డం దగ్గర వినిపించేవాడు రేడియో. సాయంత్రానికి ఆ మాట సందు చివరికి చేరేది, చేరేసరికి దానికి తోకా కొమ్ములూ మొలిచేవి. మనసులో విషం లేదు పాపం. కడుపులో మాట దాగదు, అంతే. కత్తెర పనికి ఎంతమంది వచ్చేవారో, ఆ కబుర్ల కోసం కూడా అంతమందీ వచ్చేవారు.

అతని భార్య బట్టలు కుడుతుంది. పుట్టుకతోనే విశ్వాసి. ఆవిడ ఏళ్ళ తరబడి పోరితే, ఈమధ్యనే ఇతను బాప్తిస్మం తీసుకున్నాడు. “తీసుకున్నాక నీలో ఏం మారిందయ్యా?” అని ఒకరోజు ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది. “ఆదివారం చొక్కా,” అని నవ్వేశాడు. నవ్వాడు గానీ ఆ ప్రశ్న చర్మం లోపలికి పెరిగిన వెంట్రుకలా అక్కడే ఉండిపోయి, అప్పుడప్పుడూ గుచ్చేది.

ఆ ఆదివారం గుమ్మంలో నిలబడి తలెత్తితే అతనికి పందిరి కనబడింది. మందిరం కట్టిన కొత్తలో టీచరమ్మగారూ ఆవిడ భర్తా నాటిన ద్రాక్షతీగ అది. మొదలు మనిషి చెయ్యంత లావు. పైన పందిరంతా ఆకులే ఆకులు. దాని కింద నిలబడే అందరూ టీ తాగుతారు, కుశలాలు అడుగుతారు, పిల్లల్ని కసురుతారు. ఆ భర్తగారు పోయి చాలాకాలమైంది. టీచరమ్మ రిటైరైనా ప్రతి ఆదివారం వాక్యం చదివేది ఇప్పటికీ ఆవిడే. గొంతు గంటలా ఉంటుంది.

“అవునూ, ఈ ద్రాక్ష ఎప్పుడైనా కాసిందా?” అని రేడియో పక్కనున్న మందుల షాపు ఆయన్ని అడిగాడు. ఆయన సంఘ పెద్ద.

“కాయడమేమిటోయ్? ఇది నీడకి.”

“ద్రాక్ష కదండీ మరి?”

“నీడ ఇస్తోంది. చాలదా?”

ఇంకో నలుగుర్ని అడిగాడు. ఎవరికీ ఆ సందేహమే రాలేదట. ఇన్నేళ్ళుగా దాని కింద నిలబడి టీ తాగుతూ, ఇందులో పండు ఏదీ అని ఒక్కరూ తల ఎత్తి చూడలేదు! రేడియోకి అది భలే వింతగా తోచింది. ఆ తీగా తనూ ఒక బాపతేనేమో అని కూడా తోచింది గానీ, ఆ ఆలోచనని అక్కడే వదిలేసి ఇంటికి పోయాడు.

ఆ వారం సెలూన్‌కి వచ్చినవాళ్ళందరికీ అదే గోల. చివరికి నర్సరీ ఆయన దొరికాడు. మొక్కలు అంటుకట్టి అమ్ముకునే మనిషి, ద్రాక్ష గురించి తెలుసు. గడ్డం గీయించుకోడానికి కూర్చున్నాడు. ముఖమంతా నురగ.

“ద్రాక్ష కాయాలంటే ఏం చెయ్యాలండీ?”

“కత్తిరించాలి. చలి పోకముందే. దయాదాక్షిణ్యం లేకుండా కత్తిరించాలి.”

“ఎంత?”

“రెండు కళ్ళు వదిలి మిగతాదంతా కోసెయ్. కన్నంటే చిగురు పుట్టే బుడిపె...”

అప్పటికి కత్తి పై పెదవి మీదికి వచ్చింది. నర్సరీ ఆయన ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు, పెదవి కదపకుండా, ముక్కుతో. సరిగ్గా అప్పుడే టీ కొట్టు కుర్రాడు గుమ్మంలోంచి “విన్నావా, ఆ మేడ మీద వాళ్ళు ఖాళీ చేసేస్తున్నారు” అన్నాడు. రేడియో చెవి అటు పోయింది. ఇటు మిగిలిన ముక్క నురగలో కలిసిపోయింది.

పాస్టరుగారిని అడిగితే “కాస్త సర్దండన్నా, మంచిదే” అన్నారు. శనివారం పొద్దున్నే రేడియో వడ్రంగి దగ్గర రంపం అడిగి తెచ్చుకున్నాడు. నిచ్చెన వేసుకుని పందిరెక్కాడు. మొదట్లో భయం భయంగానే కోశాడు. అయితే ఎంతైనా చెయ్యి సెలూన్ చెయ్యి. ఇటు ఎక్కువ తగ్గిందని అటు కొంచెం, అటు లోతుగా పోయిందని ఇటు కొంచెం. జుట్టు విషయంలో ఇలా మొదలైతే చివరికి ఏమవుతుందో అతనికి తెలియంది కాదు. కానీ రంపం పట్టిన చెయ్యి ఆగితే కదా! ఎండ నడినెత్తికి రాకముందే పందిరి కడ్డీలు మాత్రం మిగిలాయి. కింద, మనిషెత్తున, ఒక మొద్దు. దాని మీద వెతికి వెతికి రెండు బుడిపెలు చూసుకుని, “ఇవే ఆ రెండు కళ్ళు” అని తృప్తిపడ్డాడు.

నిచ్చెన దిగి మొద్దు పక్కన నిలబడి నీళ్ళు తాగుతుంటే మణికట్టు మీద చుక్క పడింది. పైకి చూశాడు. మబ్బు లేదు. ఇంకో చుక్క. కోసిన చోటల్లా నీళ్ళు ఊరుతున్నాయి. కన్నీళ్ళలా తేటగా, ఆగకుండా. వేలికి అంటించుకుని నాలుక మీద వేసుకున్నాడు. రుచీ లేదు, పచీ లేదు. ఇన్నేళ్ళ పనిలో ఎంత జుట్టు కోశాడో, ఏ వెంట్రుకా ఏడవగా చూడలేదు. “చంపేశానా ఏంటి?” అనుకున్నాడు.

అదే సమయానికి గేటు చప్పుడైంది. టీచరమ్మ. రేపటి వాక్యం ఒకసారి మందిరంలో నిలబడి చెప్పుకుని చూసుకోవడం ఆవిడకి శనివారం అలవాటు. రేడియో ఎక్కడ దాక్కోవాలా అని చూశాడు. కోసిన కొమ్మల కుప్ప దారికి అడ్డంగా మోకాలెత్తున పరుచుకుని ఉంది. ఆవిడ ఆ కుప్ప వైపే నేరుగా నడిచొస్తోంది. అడుగు తగ్గించలేదు, పక్కకి తప్పుకోలేదు.

“అమ్మా, ఆగండి!”

ఆపాటికి కాలు కొమ్మల్లో చిక్కుకుంది. రేడియో ఒక్క గెంతులో వెళ్ళి భుజం పట్టుకున్నాడు. ఆవిడ తమాయించుకుని నిలబడి, ముఖం పైకెత్తింది.

“ఇవాళ ఎండ ఇక్కడిదాకా వచ్చిందేమిటి?”

పందిరి కిందే నిలబడి ఉంది ఆవిడ. పైన ఒక్క ఆకు లేదు. కుప్ప కాలి దగ్గరే ఉంది.

“అమ్మా... మీకు కనబడట్లేదా?”

టీచరమ్మ చెయ్యి చాచి తడుముకుంటూ మొద్దు దొరికించుకుంది. వేళ్ళతో పైకి పోయింది. కోసిన చోటు తగిలింది. తడి తగిలింది.

“మొత్తం కోసేశావా?”

“కాస్తుందనండి.”

“ఎవరడిగారు నిన్ను కాయించమని?” మొద్దు మీద చెయ్యి అలాగే ఉంచింది. తర్వాత నెమ్మదిగా, “వెలుగూ నీడా తెలుస్తాయి. మనిషి ఆకారం తెలుస్తుంది. అక్షరం కనబడి చాలాకాలమైంది,” అంది.

“మరి ప్రతి ఆదివారం చదువుతున్నారు కదమ్మా! పుస్తకం పట్టుకుని, పేజీ తిప్పి మరీ!”

“పాస్టరుగారు ముందే చెబుతారు ఏ భాగమో. ఇంట్లో ఫోను చదివి వినిపిస్తుంది. నేను బట్టీ పడతాను. బతుకంతా పిల్లల చేత బట్టీ పట్టించానుగా, ఆ పాపం ఊరికే పోతుందా?”

“ఎందుకు దాచారమ్మా?”

“తెలిస్తే చదవనివ్వరు. ‘పాపం, మీరు కూర్చోండమ్మా’ అంటారు. ఆ పాపం నాకు అక్కర్లేదు.” ఆవిడ చేతి తడి చీర చెంగుకి తుడుచుకుంది. “అయినా ఇప్పుడేముంది? నీకు తెలిసిందంటే ఊరికి తెలిసినట్టే. కానివ్వు.”

చెప్పొద్దని బతిమాలలేదు. ఒట్టు వేయించుకోలేదు. తిట్టినా బాగుండేది. ఆ ‘కానివ్వు’ అన్న మాట రేడియోకి చెంప మీద కత్తి జారినట్టు తగిలింది.

మర్నాడు ఆరాధన తర్వాత సంఘమంతా ఎండలో నిలబడి టీ తాగింది.

“ద్రాక్షతీగకి గుండు కొట్టాడు మహానుభావుడు!” అంది ఒకావిడ.

“కాస్త క్రాపైనా మిగల్చాల్సింది,” అన్నాడు ఇంకొకాయన.

మందుల షాపు ఆయన అయితే ఊగిపోయాడు. “సర్దమంటే సమాధి చేశావు కదోయ్!”

పాస్టరుగారు మధ్యలో పడి, తప్పు తనదే, అనుమతి ఇచ్చింది తనేనని అన్నారు. రేడియో టీచరమ్మ వైపు దొంగచూపులు చూశాడు. ఆవిడ ఎండ వైపు ముఖం పెట్టి టీ తాగుతోంది.

సోమవారం సెలూన్ తెరిచాడో లేదో, రోజూ వచ్చే ఆసామి కుర్చీలో కూలబడి “ఏంటి రేడియో, విశేషాలు?” అన్నాడు.

విశేషమా! అతని బతుకులో ఇంత పెద్ద విశేషం ఎప్పుడూ దొరకలేదు. నాలుక చివరికి వచ్చేసింది. సరిగ్గా అప్పుడు అద్దంలో తన ముఖం కనబడింది. ఎప్పుడూ ఎదుటివాడి తల చూసేవాడే గానీ కబురు చెప్పేటప్పుడు తన ముఖం ఎలా ఉంటుందో అతనెప్పుడూ చూసుకోలేదు. కళ్ళు మెరిసిపోతున్నాయి, పెదాలు తడిగా ఉన్నాయి, మిఠాయి ముందు కూర్చున్న పసివాడిలా. అతనికి సిగ్గేసింది.

“ద్రాక్షతీగకి గుండు కొట్టాను,” అన్నాడు. ఆ కథే చెప్పాడు, తన తెలివితక్కువతనం మీద తనే జోకులు వేసుకుంటూ. ఆ వారమంతా ఎవరు కూర్చున్నా అదే కథ. లోపల మాత్రం “ప్రభువా, ఈ నోటికి కాస్త గొళ్ళెం వెయ్యి,” అని కత్తి నూరినప్పుడల్లా అనుకునేవాడు. పెద్ద ప్రార్థనలు అతనికి ఇంకా రావు.

నర్సరీ ఆయన్ని లాక్కొచ్చి తీగ చూపించాడు. ఆయన మొద్దుని చూసి మెట్ల మీద కూర్చుండిపోయి నవ్వాడు.

“కొమ్మకి రెండు కళ్ళు వదలమన్నానయ్యా! తీగ మొత్తానికి రెండు కాదు!”

“కొమ్మకి అన్న ముక్క వినలేదండీ.”

“సగం విని రంపం పట్టావన్నమాట.”

రేడియో తల గోక్కున్నాడు. సగం విని తను ఇంతకుముందు ఏమేం కోశాడో ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది. ఫలానా ఇంట్లో సంబంధం తప్పిపోయిందని చెప్పింది, ఫలానా అన్నదమ్ములు విడిపోయారని చెప్పింది. అవీ నురగలోంచి విన్న మాటలే.

“చచ్చిపోయిందాండీ?”

“నీళ్ళు కారాయా?”

“ఏకధారగా!”

“అయితే బతికే ఉంది. చచ్చిన తీగ ఏడవదు. ఏడ్చిందంటే వేరు నీళ్ళు పైకి తోడుతోందని అర్థం.” ఆయన లేచి బట్టలు దులుపుకున్నాడు. “ఈ ఏడు పండు ఆశ పెట్టుకోకు. పోయినేడు పెరిగిన కొమ్మ మీద వచ్చే చిగురే కాస్తుంది. ఆ కొమ్మలన్నీ నువ్వు కోసి పారేశావుగా.”

“ఒక్క మాటండీ. కాసిన కొమ్మని కూడా కోస్తారట, నిజమేనా?”

“కొయ్యాలి మరి. ఒకసారి కాసిన చోట మళ్ళీ కాయదు. వదిలేస్తే పొడుగు సాగుతుంది, ఆకు వేస్తుంది, చూడ్డానికి మహా బాగుంటుంది. బలమంతా ఆకుకే పోతుంది. మీ పందిరి అంతే కదా ఇన్నాళ్ళూ?”

రేడియో ఆ మాట పట్టుకుని ఇంటిదాకా నడిచాడు. చూడ్డానికి మహా బాగుండేది తనలో ఏముంది? నోరే. ఆ నోరు చూసే జనం వస్తారు. దాన్ని కోసుకుంటే సెలూన్‌లో ఇక ఏం మిగులుతుంది? పాస్టరుగారు దేవుడి జ్ఞానం అన్నది ఇదేనా, లేక తను మళ్ళీ సగమే వింటున్నాడా? అతనికి భయం వేసింది, భయంతో పాటు కుతూహలం కూడా. చూద్దాం, ఏమవుతుందో!

అయిందేమిటంటే, అతను మాట తగ్గించేసరికి జనం మాట పెంచారు. ఇదివరకు వినోదానికి కబుర్లు చెప్పినవాళ్ళు ఇప్పుడు గొంతు తగ్గించి సొంత కష్టాలు చెప్పుకోసాగారు. ఒకతను గడ్డం సగం గీశాక ఏడ్చేశాడు కూడా. ఇంత బరువు లోపల పెట్టుకుని ఎలా తిరగాలో తెలియక రేడియో ఆ రోజు అన్నం సరిగ్గా తినలేకపోయాడు. “ఒంట్లో బాగాలేదా?” అంది భార్య. “బాగానే ఉంది,” అన్నాడు. ఆవిడ నుదురు తాకి చూసింది.

టీచరమ్మ దగ్గరికి వెళ్ళడానికి అతనికి మొహం చెల్లలేదు. అయితే శనివారాలు ఆవిడ వచ్చే వేళకి మందిరం దారిలో ఎవరో వదిలేసిన సైకిలో, కుర్చీయో ఉంటే పక్కకి జరిపి, గోడ అవతల నిలబడేవాడు. ఒక శనివారం ఆవిడ మొద్దు దగ్గర ఆగింది.

“అవతల ఉన్నావుగా, ఇటు రా,” అంది. “వచ్చి ఇది చూడు.”

దొరికిపోయిన పిల్లాడిలా వచ్చాడు. ఆవిడ అతని వేలు పట్టుకుని మొద్దు మీద ఒకచోట ఆనించింది.

“ఏం తగిలింది?”

“బెరడండి.”

“సరిగ్గా చూడు.”

ముక్కు ఆనించి చూశాడు. బెరడే. కళ్ళు మూసుకుని వేలు మళ్ళీ నెమ్మదిగా జరిపాడు. ఆవగింజంత, గట్టిగా, బెరడు కింద నుంచి ఏదో నెడుతోంది.

“అమ్మా! ఉందండీ!”

“ఇక్కడ ఒకటి. కింద ఇంకోటి. నువ్వు వదిలానన్న ఆ రెండు బుడిపెలూ ఉత్త బుడిపెలే.” ఆవిడ ముఖంలో కోపం లేదు. లెక్క తప్పు చేసిన పిల్లాడు సరైన జవాబు రాస్తే చూసే టీచరు ముఖం అది. “మా ఆయన దీని మీద కత్తెర పడనివ్వలేదు. ప్రేమ. నేనూ అడగలేదు. కాస్తే ఎలాంటి పండు కాస్తుందో నాకూ చూడాలనుందిప్పుడు.”

పది రోజుల్లో ఆ గింజలు బూడిద రంగు నూగుతో ఉబ్బాయి. తర్వాత లేత గులాబీ చివర్లు బయటికొచ్చాయి. ఆకులు విచ్చుకున్నాక రేడియో సెలూన్ తెరిచే ముందు రోజూ ఓసారి వచ్చి చూసిపోయేవాడు. వానలు మొదలయ్యేసరికి తీగలు మళ్ళీ కడ్డీల్ని పట్టుకున్నాయి. ఒక్క గుత్తి లేదు, నర్సరీ ఆయన చెప్పినట్టే.

ఆ మధ్యే మందుల షాపు ఆయన జుట్టు కత్తిరించుకోడానికి వచ్చాడు. కూర్చుంటూనే, “టీచరమ్మకి ఈమధ్య గర్వం పెరిగిందోయ్,” అన్నాడు. “బజారులో ఎదురుపడి తల ఊపాను. చూసీ చూడనట్టు పోయింది. ఒకసారి కాదు. పెద్దవాళ్ళమని ఊరుకుంటున్నాం గానీ...”

రేడియో కత్తెర గాల్లోనే ఆగిపోయింది. ఇది వేరే రకం పరీక్ష. ఇప్పుడు నోరు విప్పితే ఆవిడకి మేలే కదా? నింద పోతుంది కదా? సమర్థన ఎంత తియ్యగా ఉందంటే, అతనికే అనుమానం వచ్చింది. ఇదివరకు చెప్పిన ప్రతి కబురుకీ ఇలాంటి తియ్యని కారణం ఒకటి ఉండేది.

“తల ఊపితే ఏం వినబడుతుందండీ?” అన్నాడు కత్తెర మళ్ళీ ఆడిస్తూ. “ఆవిడ పాతకాలం టీచరు. హాజరు పిలిస్తే నోటితో పలకాలి. ఈసారి నోరు తెరిచి, ‘నేనమ్మా, మందుల షాపు’ అని పలకరించి చూడండి.”

“ఏం, నేను ముందు పలకాలా?”

“తమరు పెద్దలు కదా!”

ఆ ఆదివారం మందుల షాపు ఆయన బిగుసుకుపోయి ఆవిడ ముందు నిలబడి, “నేనమ్మా, మందుల షాపు,” అన్నాడు. టీచరమ్మ ముఖం విప్పారింది. చెయ్యి చాచి ఆయన చెయ్యి పట్టుకుని, కోడలి ప్రసవం గురించి, మోకాళ్ళ నొప్పి గురించి ఒక్కొక్కటీ అడిగింది. ఆయన ఉబ్బిపోయి ఇంటికి వెళ్ళాడు. రేడియో దూరం నుంచి చూసి ఎవరితోనూ ఏమీ అనలేదు. అనకపోవడం ఇంత బాగుంటుందని అతనికి తెలియదు.

మరుసటి చలికాలం తీగని నర్సరీ ఆయన దగ్గరుండి కోయించాడు. కొమ్మకి రెండు కళ్ళు. టీచరమ్మ వేలితో తడిమి “ఇదొకటి, ఇదొకటి, ఇక్కడ కొయ్యి,” అంటుంటే రేడియో కోశాడు. మళ్ళీ ఏడ్చింది తీగ. ఈసారి అతను కంగారుపడలేదు. ఎండలు ముదిరేసరికి ఆకుల చాటున చిన్న చిన్న గుత్తులు, బఠాణీ గింజలంత కాయలు. పిల్లలు ఆగలేక పచ్చివే కోసుకుని తిన్నారు. మిగిలినవి పండాక తలా రెండు వచ్చాయి. పులుపు. మందుల షాపు ఆయన ఒక కన్ను మూసుకుని మింగి, “ప్రభువు దయవల్ల నీడ కూడా ఉంది,” అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి వేరే ఊరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చారు. పెద్దాయన. పాటలయ్యాక లేచి, “ఇవాళ అనుకున్న భాగం కాదు, నా మనసులో వేరే భాగం ఉంది, అమ్మగారు అది చదువుతారు,” అని ఆ భాగం ఏదో చెప్పారు.

టీచరమ్మ పుస్తకం చేత్తో పట్టుకుని నిలబడే ఉంది. పేజీలు తిప్పలేదు. మందిరంలో ఫ్యాను చప్పుడు వినబడింది. రేడియో, లేచి దగ్గాలా, కుర్చీ పడెయ్యాలా, కళ్ళు తిరిగినట్టు పడిపోవాలా అని ఆలోచిస్తున్నాడు. సగం లేచాడు కూడా. భార్య చొక్కా పట్టుకుని లాగింది.

టీచరమ్మ పుస్తకం మూసింది.

“ఈ భాగం నాకు నోటికి రాదు,” అంది అదే గంట లాంటి గొంతుతో. “చూసి చదవడానికి నాకు చూపు లేదు. పోయి చాలాకాలమైంది. ఎవరైనా వచ్చి చదవండి. నేను వింటాను.”

వచ్చి తన చోట కూర్చుంది. పాస్టరుగారే లేచి చదివారు.

తర్వాత పందిరి కింద జనం ఆవిడ చుట్టూ మూగారు. ఒకరు ఏడుస్తారు, ఒకరు డాక్టరు పేరు చెబుతారు. ఎవరూ ‘కూర్చోండమ్మా’ అనకముందే పాస్టరుగారు, వచ్చేవారం భాగం ఇదీ అని ఆవిడ చెవిలో చెప్పేశారు. మందుల షాపు ఆయన ముఖం పాలిపోయి ఉంది. తను తల ఊపిన సంగతి గుర్తొచ్చినట్టుంది. ఆ ఇబ్బందిలోంచి బయటపడటానికి కాబోలు రేడియో వీపు చరిచాడు.

“ఏమోయ్, నీకు కూడా అందని వార్త ఉందన్నమాట!”

“అందింది,” అంది టీచరమ్మ. “తీగకి గుండు కొట్టిన రోజే అందింది.”

టీ కప్పులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అందరూ రేడియో వైపు చూశారు. అతను ఏదో నేరం బయటపడినట్టు తల దించుకున్నాడు. మందుల షాపు ఆయన నోరు తెరిచి, “నేనమ్మా, మందుల షాపు...” అని తనలో తను గొణుక్కుని, అలాగే నిలబడిపోయాడు.

ఇంటికి నడిచేటప్పుడు భార్య సందు మలుపులో ఆగిపోయింది.

“నాకు కూడా చెప్పలేదు!”

“చెప్పలేదు.”

“కట్టుకున్నదాన్ని! ఒకే కంచంలో తినేదాన్ని!”

“నీకు చెప్పాలనే అన్నిటికన్నా ఎక్కువ అనిపించిందే.”

“ఏడాది పైనే కడుపులో పెట్టుకున్నావా? నువ్వు?” ఆవిడ అతన్ని కిందికీ పైకీ చూసింది, సంతలో కొత్త బట్ట చూసినట్టు. కోపం ఇంకా ఉంది, దాని వెనక ఇంకేదో కూడా ఉంది. అతని చెయ్యి పట్టుకుని మిగతా దారంతా వదల్లేదు. ఇంటికెళ్ళాక మాత్రం, “ఇంకా ఏమేం దాచావో చెప్పు,” అని మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ వారం నుంచి మధ్యాహ్నం సెలూన్ ఖాళీగా ఉండే వేళ రేడియో టీచరమ్మ ఇంటికి వెళ్ళి వాక్యం చదివి వినిపించేవాడు. ఫోనుకన్నా నువ్వే నయం, ఆగమంటే ఆగుతావు, అందావిడ. నిజానికి అతను ఆగమనకుండానే ఆగేవాడు. వాక్యానికో సందేహం. ఒత్తులు మింగేస్తే ఆవిడ బల్ల మీద వేలితో కొట్టేది.

ఒకరోజు అతనే అడిగాడు. “అమ్మా, ఆ శనివారం చెప్పొద్దని నన్ను ఎందుకు అడగలేదు?”

“అడిగితే నువ్వు నా మాట కోసం ఆగేవాడివి.”

“అడక్కపోతే?”

“ఏం చేస్తావో నాకేం తెలుసు? చెప్పేస్తావనే అనుకున్నాను. మొదటి ఆదివారం ఎవరూ ఏమీ అనలేదు. రెండోదీ అంతే. అప్పుడు నాకు ఆసక్తి పుట్టింది. వీడికేమైంది, అని. ప్రతి వారం నీ అడుగుల చప్పుడు కోసం చెవి పెట్టేదాన్ని.” ఆవిడ నవ్వింది. “మీ ఆవిడకి కూడా చెప్పలేదట కదా, అక్కడ మాత్రం నాకు భయమేసింది.”

“ఇంకా తిడుతోందండీ.”

“తిట్టనీ. చదువు.”

రేడియో పుస్తకం దగ్గరికి జరుపుకుని చదివాడు. ఒక మనిషి విత్తనం చల్లి ఇంటికి పోతాడు, పడుకుంటాడు, లేస్తాడు, అది ఎలా మొలుస్తుందో అతనికే తెలియదు. అక్కడికి వచ్చేసరికి రేడియో వేలు ఆగింది.

“తెలియదంటాడేమిటమ్మా? చల్లినవాడికే తెలియకపోతే మరి ఇంకెవరికి తెలుస్తుంది?”

టీచరమ్మ బల్ల మీద వేలు ఆడించడం మాని ఆలోచించింది.

“ఏమో,” అంది. “ఇన్నేళ్ళు చదివాను, ఈ ప్రశ్న నాకు తట్టలేదు. ముందుకి చదువు, చూద్దాం.”